మునిలక్ష్మి దివసానికి మామిడిపండు కోడి

ఇంతకుముందు నేను కృష్ణగిరి వైపు వెళ్ళింది ఒకసారి కోట ఎక్కడానికి, ఇంకోసారి డ్యామ్ చూడటానికి. ఈసారి ఒక కూర వండటానికి వెళ్ళాను. హోసూరు నుంచి ఒక్క రోజులో వెళ్ళి రాదగ్గ దారే కాబట్టి వివరాలు రాస్తున్నాను. అయితే ఇది సరదా ప్రయాణం కాదని ముందే చెప్పడం మంచిది.

మాది ఖమ్మం దగ్గర. హోసూరులో ఒక విడిభాగాల కంపెనీ స్టోర్స్‌లో పనిచేస్తాను. మునిలక్ష్మక్క అదే కంపెనీలో అసెంబ్లీ లైన్ మీద చేసేది. ఇద్దరం దాదాపు రెండేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. ఆమె ఇల్లు కావేరిపట్టణం దాటాక, నది అవతల మామిడితోటలో ఉంది. శనివారం షిఫ్టు దిగగానే ఊరికి పోయి, సోమవారం తెల్లవారకముందే బస్సెక్కి వచ్చేసేది. వారం మధ్యలో ఎప్పుడైనా పని తొందరగా అయిపోతే కోడి తెచ్చి, మామిడిపండు గుజ్జు, బెల్లం, మిరియాలు వేసి వండేది. తీపీ కారమూ కలిసిన పాకం పట్టి, ముక్కలు దీపం వెలుగులో మెరిసేవి. వండుతూ లైన్ సూపర్‌వైజర్ నడకను అనుకరించి చూపించేది. నవ్వి నవ్వి ఇద్దరికీ కడుపు నొప్పి వచ్చేది.

పోయిన మామిడి కాలంలో ఒక శనివారం జ్వరంతోనే ఊరికి వెళ్ళింది. "సోమవారం వచ్చేస్తా, పాలాయనకి చెప్పు" అంది. రాలేదు. డెంగీ అని తెలిసేసరికి చేయి దాటిపోయిందట. ఆ సంగతి మా గదికి చేరేసరికి అన్నీ అయిపోయాయి. ఏడాది తిరిగాక, పోయిన నెలలో ఆమె భర్త గోవిందప్ప ఫోన్ చేశాడు.

"అమ్మా, వచ్చే ఆదివారం దివసం పెట్టుకున్నాము. మునిలక్ష్మి మామిడిపండేసి ఒక కోడి చేస్తా ఉండె కదా, పండ్లు ఇచ్చేదానికి వచ్చినప్పుడు ఆడ మీ రూములో తినినాను. అది ఆకులో పెట్టల్లని ఉండాది. ఈడ ఎవురికీ రాదు. మీరు వచ్చి చేసిస్తారా?"

మేం సంవత్సరీకం అనేదాన్ని ఇక్కడివాళ్ళు దివసం అంటారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, అరిటాకులో వడ్డించి పటం ముందు పెడతారు. వస్తానని చెప్పాను. ఫోన్ పెట్టేశాక భయం వేసింది. ఆ కూరకు ఉల్లిపాయలు తరిగాను, పళ్ళ తొక్క తీశాను, గిన్నె అడుగు వేలితో నాకాను. సొంతంగా ఒక్కసారి కూడా వండలేదు.

ఆదివారం పొద్దున్నే హోసూరు బస్టాండులో కృష్ణగిరి బస్సెక్కాను. ఈ దారిలో బస్సుకు ఎదురుచూడాల్సిన పనే ఉండదు, ఒకటి కదిలేలోగా ఇంకొకటి వచ్చి నిలుస్తుంది. మామూలు బస్సులో టికెట్ వంద రూపాయల లోపే. శూలగిరి దగ్గర లారీలు అడ్డం పడకపోతే గంటంబావులో దిగిపోవచ్చు. కృష్ణగిరిలో దిగి, అదే బస్టాండులో కావేరిపట్టణం టౌన్ బస్సు పట్టుకోవాలి. అది ఇంకో అరగంట. మామిడి కాలం కావడంతో రోడ్డు పక్కన ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. గుజ్జు ఫ్యాక్టరీకి పోయే కాయలట. ఎండకు అవి ముగ్గడంతో, ఆ పుల్లటి వాసన బస్సులోకి కూడా వస్తోంది. మామూలుగా నాకు నచ్చే వాసనే. ఆ రోజు మాత్రం కిటికీ అద్దం మూసేశాను.

కావేరిపట్టణం సంతవీధిలో కోడి కొన్నాను. తోలుతోనే ముక్కలు కొట్టించుకోవాలని మునిలక్ష్మక్క ఎప్పుడూ అనేది, తోలు లేకపోతే పాకం పట్టదట. అక్కడి నుంచి నది దాటడానికి షేర్ ఆటో ఉంది. ఇద్దరు ముగ్గురు ఎక్కేదాకా కదలదు.

"యాడికి పోవల్ల అమ్మా?" అని అడిగాడు డ్రైవరు.

"గోవిందప్ప తోటకు."

అద్దంలోంచి నన్నూ, నా ఒళ్ళోని కోడి సంచినీ చూశాడు. "మునిలక్ష్మమ్మ దివసానికా? సోమవారం సోమవారం చీకట్లోనే నా ఆటోలోనే పోతా ఉండె. ఎక్కినప్పట్నుంచీ నిద్రపోతా ఉండె పాపం. లేపి దింపల్ల." వంతెన దాటుతుంటే కింద నీళ్ళకంటే నురగే ఎక్కువగా కనిపించింది. దిగాక డబ్బులు ఇవ్వబోతే చేయి అడ్డం పెట్టాడు.

తోటలో రెండు గదుల రేకుల ఇల్లు. గోవిందప్ప ఎదురొచ్చి, "రామ్మా, ఎండలో వచ్చినావు" అని సంచి అందుకున్నాడు. ఏడాదిలో మనిషి సగమైపోయాడు. ఆయన తల్లి నరసమ్మ వాకిట్లో రాగిపిండి జల్లిస్తోంది. వాళ్ళ కూతురు కల్పన కృష్ణగిరిలో డిగ్రీ చదువుతోంది, అచ్చం తల్లి ముఖమే. నన్ను చూసి నవ్వలేదు. మంచినీళ్ళు తెచ్చి చేతికి ఇవ్వకుండా అరుగు మీద పెట్టింది.

ఇంటి వెనక మూడు రాళ్ళ పొయ్యి. ఎండిన మామిడి కొమ్మలే కట్టెలు. పండ్లు బెంగళూరా రకం, వంకర ముక్కుతో పొడుగ్గా ఉంటాయి. మరీ తియ్యగా ఉండవు కాబట్టి కూరకు బాగా కుదురుతాయి. తొక్క తీసి, కొన్నింటిని గుజ్జు చేసి, రెండు పండ్లు ముక్కలుగా కోసి పక్కన పెట్టాను. కల్పన అల్లం వెల్లుల్లి నూరి ఇచ్చి, ఎదురుగా చెట్టుకు ఆనుకొని నిలబడింది.

"మీకు వారం వారం చేస్తా ఉండెనా?" అని అడిగింది ఉన్నట్టుండి.

"వారం వారం కాదు. కుదిరినప్పుడు."

"మాకు ఒక తూరి కూడా చేసిపెట్టలేదు." కోపంగా కూడా అనలేదు. "ఈడికి వస్తే బట్టలు ఉతికేది, తోటలోకి పోయేది, పండుకునేది. నేనేమన్నా చెప్పేదానికి పోతే కండ్లు మూసుకోని నిద్రపోతా ఉండె. మీకేమో తీరిగ్గా వండిపెట్టింది."

నూనె కాగింది, ఎండుమిర్చి వేశాను. ఉల్లిపాయలు, నూరిన ముద్ద, ముక్కలు వేసి, తోలు ఎర్రబడేదాకా వేయించాను. గుజ్జు, బెల్లం, దంచిన మిరియాలు, ఉప్పు వేశాక ఎంతసేపటికీ చిక్కబడలేదు. నీళ్ళనీళ్ళగా ఉడుకుతూనే ఉంది. పటం ముందు పెట్టే వేళ అవుతోందని లోపలి నుంచి నరసమ్మ పిలుస్తోంది. కంగారులో ఇంకో రెండు కట్టెలు తోశాను. మంట ఒక్కసారిగా లేచింది. గరిట తీసుకునేలోపే అడుగున బెల్లం మాడిన వాసన వచ్చింది.

మునిలక్ష్మక్క కోసం చేయడానికి వచ్చిన ఒకే ఒక్క పని కూడా చెడగొట్టాననిపించింది. అప్పుడు కల్పన వచ్చి, మండుతున్న కట్టెలను చేత్తోనే లాగి మట్టిలో పడేసింది. ఇంకో గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. అడుగు కదపకుండా పైపై ముక్కలన్నీ అందులోకి తీశాం. మిగిలిన గుజ్జు, ఇంకాస్త బెల్లం వేసి, నిప్పుల మీదే నెమ్మదిగా తిప్పుతూ కూర్చున్నాను. కొంతసేపటికి పాకం దగ్గరపడి ముక్కలకు అంటుకుంది. చివర్లో పండుముక్కలు వేసి దించాను. కల్పన వేళ్ళు రెండు కమిలాయి. నీళ్ళు పోస్తానంటే వద్దంది.

లోపలి గదిలో పటానికి దండ, ముందు అరిటాకు. రాగి సంగటి, అన్నం, వడలు, పక్కన ఈ కోడి. అందరం దండం పెట్టుకున్నాక గోవిందప్ప తలుపు దగ్గరగా వేశాడు. పోయినవాళ్ళు వచ్చి తినిపోతారని కాసేపు అలా వేసి, ఇంట్లోవాళ్ళు బయట నిలబడతారు. మిట్టమధ్యాహ్నపు ఎండ. ఆయన మూసిన తలుపును చూస్తూ ఒక్కసారి గొంతు సవరించుకున్నాడు, లోపల ఎవరో ఉన్నట్టు. కాసేపయ్యాక తలుపు మీద వేళ్ళతో తట్టి, ఆగి, అప్పుడు తెరిచాడు. ఆకులో పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆయన దాన్ని చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

తర్వాత మేం తిన్నాం. మాడు వాసన ఒక అంచున ఉన్నా కూర బాగానే కుదిరింది. కల్పన ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. ఇంకొకటి తింది. తర్వాత చేయి ఆకులోనే ఉంచి నావైపు చూసింది.

"ఇంత బాగుంటాదా ఇది?" అంది. "మరి మాకెందుకు చేయలేదు?"

గోవిందప్ప తల దించుకున్నాడు. జవాబు నరసమ్మ చెప్పింది.

"చేసింది. నువ్వు చంకలో బిడ్డగా ఉన్నప్పుడు ఒక తూరి చేసింది. కోడిలో బెల్లం ఏసేది యాడన్నా ఉందా, ఇది మనుషులు తినేదేనా అని నేను చట్టి ఎత్తుకపోయి దిబ్బలో పోసినాను. ఒక్క మాట అనలేదు. చట్టి కడిగి బోర్లేసింది. మళ్ళా ఈ ఇంట్లో చేయలేదు."

"నాకెందుకు చెప్పలేదు అవ్వా?"

"ఏమని చెప్పేది?" అంది ముసలామె. ఆకులో ఉన్న ముక్క చేతిలోకి తీసుకుంది కానీ నోటిదాకా రాలేదు. అలాగే పట్టుకుని కూర్చుంది. కల్పన ఆకు మడిచి లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత అవ్వా మనవరాలూ ఒకరినొకరు చూసుకోవడం నేను చూడలేదు.

ఎండ కాస్త తగ్గాక, రోడ్డు దాకా కల్పన నా వెంట వచ్చింది. తండ్రి పంపితే వచ్చిందో, తనకు తానే వచ్చిందో తెలియదు. రోడ్డు పక్కన నిలబడ్డాక అడిగింది.

"అక్కా, ఆడ మీ రూములో మా అమ్మ నవ్వతా ఉండెనా?"

అబద్ధం చెప్పాలా అని ఒక్క క్షణం ఆలోచించాను. తల్లి ముఖంతో తను అలా చూస్తుంటే నోరు రాలేదు. "నవ్వేది" అన్నాను.

"చానా?"

"చాలా నవ్వేది."

తల ఊపింది. "ఈడ నేను చూడలేదు" అంది. ఇంతలో బస్సు వచ్చింది.

కృష్ణగిరి దాకా కిటికీ పక్కనే కూర్చున్నా బయట ఏముందో గుర్తులేదు. ఆ జవాబుతో ఆ పిల్లకు ఏమైనా ఇచ్చానో, ఉన్నది కూడా లాక్కున్నానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఇల్లూ వాకిలీ వదిలి ఊరుకాని ఊళ్ళో పనిచేసేవాళ్ళను చూసి కష్టపడుతున్నారని జాలిపడతాం. మునిలక్ష్మక్కకు మాత్రం ఆ ఇరుకు గదే ఊపిరి తీసుకునే చోటు అయిందేమో. అది తెలిశాక నాకు సంతోషం కలగలేదు. ఆమె నవ్వు మీద హక్కున్న పిల్ల ఒకతి ఆ తోటలో ప్రతి శనివారం రాత్రి ఎదురుచూస్తూ ఉండేదని ఆ రెండేళ్ళూ నాకు తట్టనే లేదు. ఆ కూర మళ్ళీ వండాలని లేదు. వండితే తినగలననీ అనిపించడం లేదు.

ఈ వైపు దివసానికి వెళ్ళేవాళ్ళకు ఒక్క సూచన. ఆదివారం సాయంత్రం నది అవతలి నుంచి బస్సులు తక్కువ కాబట్టి వెలుతురు ఉండగానే రోడ్డెక్కండి. ఎక్కే ముందు ఎవరితోనూ "వెళ్ళొస్తాను" అనకండి, ఇలాంటి ఇంటి నుంచి చెప్పకుండానే లేచి రావాలని ఇక్కడి పద్ధతి. నేనూ ఏమీ అనకుండానే బస్సెక్కాను. పద్ధతి అలా లేకపోయినా, కల్పనతో ఆ మాట అనే ధైర్యం నాకు లేదు.