మూరెడు జాగాలో మిరపకట్టె

మా అమ్మా పెద్దమ్మా ఒకే ఆటోలో నరసరావుపేటకు పెళ్లికి వెళ్లడంతో మొదలైంది ఇదంతా. వాళ్ల మొగుళ్లిద్దరూ సొంత అన్నదమ్ములు, పక్కపక్క ఇళ్లు, ఏళ్ల తరబడి మాటల్లేవు. ఆడవాళ్లకు మాత్రం ఆ పగతో ఏ సంబంధమూ లేదు. గోడ మీదుగా కూర గిన్నెలు అటూ ఇటూ నడుస్తూనే ఉండేవి. నాన్న పెద్దమ్మ కూర తింటూ, ‘ఇవాళ బాగా కుదిరిందే, ఏం వేశావు?’ అని అడిగేవాడు. అమ్మ చెప్పేది కాదు.

పగ పెద్దదేమీ కాదు, మూరెడు. పెరట్లో పెదనాన్న వేసిన రేకుల కొట్టం మా జాగాలోకి మూరెడు జరిగిందని నాన్న, జరగలేదని పెదనాన్న. పెద్దమనుషులు కూర్చున్నారు. సర్వేయరు వచ్చి గొలుసు లాగాడు. రెండిళ్లలోనూ కాఫీ తాగి, ఇద్దరికీ కోపం వచ్చేలా ఏదో చెప్పి వెళ్లిపోయాడు. మా పల్నాట్లో ఎకరం అమ్ముకునైనా సరే మూర నిలబెట్టుకుంటారు. దాన్ని పౌరుషం అంటారు. నేను వేరే మాట అంటాను గానీ అది ఇక్కడ రాయను.

వాళ్లు పెళ్లికి వెళ్లిన రోజే తుఫాను వాన పట్టుకుంది. శావల్యాపురం నుంచి మా ఊరికి వచ్చే దారిలో వాగు మీద చిన్న చప్టా ఉంది. మామూలు రోజుల్లో దాని మీద మేకలు పడుకుంటాయి. ఆ సాయంత్రానికి అది ఎక్కడుందో కూడా కనపడలేదు. ఆడవాళ్లిద్దరూ నరసరావుపేటలో చిక్కుకుపోయారు. ఇక్కడ కరెంటు పోయింది. నరసరావుపేటలోనే నాకు మోటార్లు రివైండింగ్ చేసే షాపుంది. వాన వస్తుందని వార్తల్లో చెబితే ముందురోజే షాపు కట్టేసి ఇంటికొచ్చాను. నాకింకా పెళ్లి కాలేదు, వంట అంతకంటే రాదు.

ఇంట్లో మిగిలింది నాన్న, నేను, తొలికాన్పుకు పుట్టింటికి వచ్చిన మా చెల్లి, దాని బిడ్డ. బిడ్డకు ఇంకా నెల నిండలేదు.

మొదటి రాత్రే, బిడ్డ స్నానానికి నీళ్లు కాగుతుండగా, గ్యాసు అయిపోయింది. కొత్త సిలిండరు బుక్ చేసే ఉంది, అది వాగు అవతల ఉంది. మర్నాడు ఎదురింటి పిన్ని మోకాలి లోతు నీళ్లలో నడిచొచ్చి క్యారేజీ ఇచ్చింది. మూత తీస్తే గోంగూర పప్పు, వంకాయ కూర. బాలింతకు రెండూ పత్యం కావు. ఆ క్యారేజీ నేనూ నాన్నా తిన్నాం, చెల్లి బ్రెడ్డు తిన్నది. తర్వాత వీధిలో నీళ్లు ఇంకా పెరిగి ఆ దారీ మూసుకుపోయింది. ఫ్రిజ్‌లో పాలు విరిగాయి. బావ ఫోన్లో ధైర్యం చెబుతూనే ఉన్నాడు, కానీ ధైర్యాన్ని వండుకుని తినలేం కదా.

ఆ మరుసటి రోజు పొద్దుటికి చెల్లి మొహం పీక్కుపోయింది. పాలు చాలక బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. అది బిడ్డను భుజాన వేసుకుని నా దగ్గరకొచ్చి, ‘అన్నాయ్, నాకింత వేడన్నం కావాలి. ఇంకేం వద్దు’ అంది. అంతవరకూ గట్టిగానే ఉన్న మనిషి, ఆ ‘వేడన్నం’ అన్న మాట దగ్గర ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది. దాంతోపాటు కోపం వచ్చింది, వాన మీద కాదు, ఎద్దుల్లా పెరిగి పిడికెడు బియ్యం ఉడికించలేని మా ఇద్దరి మీద.

అమ్మకు ఫోన్ చేశాను. నా ఫోన్లో చార్జింగు చివరికొచ్చింది. నాన్న లాక్కుని, ‘ఏమే, బియ్యం ఎన్ని పోయాలి?’ అన్నాడు.

‘ఇన్నేళ్ల నుంచి తింటన్నావుగా, తెలవదా?’ అంది అమ్మ. ‘చల్లన్నం పెట్టమాకండి దానికి. వేడన్నంలో వెల్లుల్లి కారం, నెయ్యి. కారం జాడీలో ఉంది. బియ్యం డబ్బాతో...’

ఫోన్ అక్కడ ఆగిపోయింది. డబ్బాతో ఎన్నో తెలియలేదు. నాన్న ఆలోచించి, తక్కువైతే మాట పడాల్సి వస్తుందని, ఇంట్లో ఉన్న వాటిల్లో పెద్ద సత్తు గిన్నె దించి సగానికి బియ్యం పోశాడు. ఊరికి సంతర్పణ చేసేటట్టున్నాం.

గొడ్ల సావిట్లో వాన పడని మూల చూసుకుని పొయ్యి పెట్టాం. పెరట్లో నాపరాళ్లు ఎన్నో ఉన్నాయి గానీ వేడికి అవి పేలుతాయని మాకు తెలుసు. బాత్‌రూం కట్టగా మిగిలిన ఇటుకలు మూడు తెచ్చి పెట్టాం. ఇక కట్టెలు. మా పత్తికట్టె అంతా వానలో నాని పుల్ల పుల్లకూ నీళ్లు కారుతోంది. పాత పేపర్లు, ఫ్యాను వచ్చిన అట్టపెట్టె, చివరికి విరిగిన పీట కూడా తగలబెట్టాం. ఎసరు గోరువెచ్చనైంది, అంతే.

అప్పుడు నాన్న చూపు గోడ అవతలికి పోయింది. పెద్దమ్మకు గ్యాసంటే భయం, ఇప్పటికీ కట్టెల పొయ్యే. అందుకని ఆ కొట్టం నిండా మిరపకట్టె ఉంటుంది. ఎండాకాలంలో చేలో కోతలైపోయాక పీకి పేర్చిన మొక్కలు, అగ్గిపుల్ల చూపిస్తే చాలు అంటుకునేంత పొడిగా ఉంటాయి.

‘పెదనాన్నని అడుగుతా’ అన్నాను.

‘అడిగేదేంది?’ అన్నాడు నాన్న. ‘ఆ కొట్టం మూరెడు మన జాగాలో ఉంది. ఆ మూరెట్లో ఉన్న కట్టె మనదే.’

లాయరు కూడా ఇంత చక్కగా వాదించలేడు. గొడుగు పట్టుకుని ఇద్దరం గోడ దిగాం. ఆశ్చర్యం ఏమిటంటే, నాన్న నిజంగానే మోచెయ్యి ఆనించి మూర కొలిచాడు. కొలిచి, ఆ గీత ఇవతల ఉన్న కట్టె మాత్రమే తీసుకున్నాడు. అవతలి పుల్ల ఒకటి పొరపాటున చంకలోకి వస్తే లాగి మళ్లీ దాని చోట పెట్టాడు. ఆయన నీతి ఆయనది.

పొయ్యి భగ్గున మండింది. నాన్న గర్వంగా మీసం దువ్వుకున్నాడు. కాసేపటికి నా గొంతులో ఏదో గరగరలాడింది. నాన్న తుమ్మాడు. మళ్లీ తుమ్మాడు. ఆ తర్వాత ఆగలేదు.

మిరప సాగు చేసేవాడు ఎవడూ చెయ్యకూడని పని మేం చేశాం. చివరి కోతలో తెల్లబడిన తాలుకాయలను ఎవరూ కొయ్యరు, కూలి కూడా గిట్టదు. అవి మొక్కకే ఎండిపోతాయి. అందుకే మిరపకట్టెను పొయ్యిలో పెట్టేముందు నేలకేసి కొట్టి దులుపుతారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి మిరప వేసిన మా నాన్న, కూతురి ఆకలి తొందరలో, అది మర్చిపోయాడు. కాయలతో సహా కాల్చేశాం. అదృష్టం కొద్దీ గాలి మా ఇంటివైపు లేదు. చెల్లి తలుపు మూసి, కింద సందులో దుప్పటి కూరుకుంది. లోపల్నుంచి, ‘ఇంత ఘాటొచ్చిందంటే మన మీద దిష్టి ఏం లేనట్టే నాన్నా!’ అని అరిచింది. ఆకలితో ఉన్నా దాని నోరు ఊరుకోదు.

గాలి పెదనాన్న ఇంటివైపు ఉంది. తలుపు దబ్బున తెరుచుకుంది. ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని, దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ ఆయన గోడ దగ్గరకొచ్చాడు. ‘ఎవడ్రా నా మిరపకట్టె తగలబెట్టింది!’

నాన్న పొయ్యివైపు తిరిగి నించున్నాడు. పెదనాన్న నా మొహం చూసి అన్నాడు: ‘ఒరేయ్, మీ నాన్నని అడుగు, దొంగతనానికి ఎప్పుడు దిగాడో.’

‘ఆయనకి చెప్పు,’ అన్నాడు నాన్న, తుమ్ముల మధ్య, ‘మా మూరెట్లోదే తీసుకున్నానని.’

‘ఆ మూరెట్లో దులపని కట్టె పడేశాన్రా! తగాదా జాగా, ఎవరూ ముట్టుకోరుగదా అని!’

ఇద్దరూ అరిస్తే వినపడేంత దూరంలోనే ఉన్నారు, మధ్యలో నేను టెలిఫోను ఎక్స్చేంజీలా నించున్నాను. అప్పుడు లోపల బిడ్డ ఏడ్చాడు. ఆకలి ఏడుపు, సన్నగా, ఓపిక లేకుండా. పెదనాన్న తువ్వాలు దించాడు.

‘ఏందిరా, అమ్మాయి తినలా?’

‘రెండు రోజుల్నుంచి బ్రెడ్డే’ అన్నాను.

ఆయన మొహం మారిపోయింది. ‘బాలింతకి బ్రెడ్డు పెట్టి, పక్కింట్లో నేను చచ్చాననుకున్నార్రా?’ అని గోడ దూకి వచ్చాడు. ఆ వయసులో ఆయన గోడ దూకుతాడని నేను అనుకోలేదు. మండుతున్న కట్టెను బయటికి లాగి నీళ్లలో పడేశాడు. కొట్టంలోంచి మంచి కట్టె మోపు తెచ్చి, ఒక్కొక్కటీ నేలకేసి కొట్టి, పొయ్యి ముందు చతికిలపడ్డాడు. మిరపకట్టె కాగితంలా కాలిపోతుంది, పక్కనే కూర్చుని పెడుతూ ఉండాలి. ఆయన పెడుతూ ఉంటే నాన్న ఊదుతున్నాడు. ‘మంట తగ్గించమను.’ ‘ఎసరు సరిపోదని చెప్పు.’ అన్నీ నాతోనే. పెదనాన్న పొద్దున్నుంచి మజ్జిగలో నానబెట్టిన అటుకులు తప్ప ఏమీ తినలేదని ఆ మాటల మధ్యలో తెలిసింది. పెద్దమ్మ లేకపోతే ఆయనకూ గతి లేదు.

అన్నం ఉడికింది. వార్చాలి. ఆ గిన్నె పట్టుకుంటే తెలిసింది నాన్న ఎన్ని బియ్యం పోశాడో. ఒక్కరి వల్ల అయ్యేది కాదు. మూత మీద గుడ్డ వేసి చెరోవైపు పట్టుకుని, ఇద్దరూ ఒకేసారి వంచాలి. నేను పడతానంటే నాన్న, ‘నీకు చాతకాదు, నెయ్యి కరిగించుకురాపో’ అన్నాడు. నెయ్యి గిన్నె కోసం లోపలికి వెళ్లి గుమ్మం దగ్గర ఆగిపోయాను.

వార్చేటప్పుడు మధ్యవర్తితో మాట్లాడటం కుదరదు.

‘వంచు.’

‘ఆగాగు, మూత జారతంది.’

‘మెల్లిగా అన్నాయ్, చెయ్యి కాలుద్ది!’

గంజి ఆవిర్లు కక్కుతూ కిందికి పారింది. ఇద్దరూ గిన్నె నిలబెట్టారు. నాన్న నోట్లోంచి ఆ పిలుపు ఎలా ఊడిపడిందో ఆయనకే తెలియదనుకుంటాను, వెంటనే పక్కకు తిరిగి ఉత్తుత్తినే కట్టెలు సర్దాడు. పెదనాన్న తన చెయ్యి చూసుకుంటూ నించున్నాడు. నేను నెయ్యి తేవడానికి కావాలనే ఆలస్యం చేశాను.

చెల్లికి వేడన్నం పెట్టాం. వెల్లుల్లి కారం కలుపుకుని, నెయ్యి కారుతుంటే, ఊదుకుంటూ తిన్నది. కంచం ఖాళీ చేసి ఇంకా పెట్టమంది. మళ్లీ పెట్టాం. మిగిలిన కట్టెతో నీళ్లు కాచి ఇచ్చాం. ఆ తర్వాత అది బిడ్డను తీసుకుని లోపలికి వెళ్లింది. కాసేపటికి ఏడుపు తగ్గింది, ఇంకాసేపటికి చప్పుడే లేదు. ముగ్గురం సావిట్లో చెవులు రిక్కించి కూర్చున్నాం. ‘పడుకున్నాడు,’ అంది చెల్లి తలుపు సందులోంచి, ‘పాలు పడ్డయ్.’ నాకు ప్రాణం లేచొచ్చింది.

పెదనాన్న లేచి తువ్వాలు దులుపుకున్నాడు. మా పగలో మాటలకంటే ముందు ఆగిపోయింది తిండే. మా ఇంటి మెతుకు ముట్టనని ఆయన పదిమందిలో అన్న మాట ఊరంతటికీ తెలుసు. గోడ దాకా వెళ్లాడు కూడా. నాన్న గిన్నెలోకి చూశాడు. అందులో ఇంకా ఊరికి సరిపడా అన్నం ఉంది. కంచంలో పెట్టాడు, కారం వేశాడు, ఉన్న నెయ్యంతా వంచేశాడు. దాన్ని పట్టుకుని వానలోకి నడిచి వెళ్లి అన్న ముందు నించున్నాడు. అన్నంలో వాన చుక్కలు పడుతున్నాయి.

పెదనాన్న నా వైపు చూశాడు, ఏదో చెప్పమందామని. నేను పొయ్యివైపు తల దించుకున్నాను.

ఆయన కంచం అందుకుని సావిట్లోకి వచ్చి పొయ్యి పక్కన కూర్చున్నాడు. ఒక ముద్ద పెట్టుకుని చాలాసేపు నమిలాడు. ‘ఒరేయ్ తమ్ముడూ,’ అన్నాడు, ‘అన్నం అడుగంటిందిరా.’

నాన్న గరిటె తీసుకుని ఆయన కంచంలో ఇంకా వేశాడు.