ఏటి అవతలి సినిమా హాలు

నా చిన్నప్పుడు ఆస్ట్రేలియాలో మేమున్న చిన్న ఊళ్ళో రెండు సినిమా హాళ్ళుండేవి. మా నాన్న అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. పెద్ద వీధిలోని హాల్లో నల్లవాళ్ళని, అంటే ఆ నేల మీద మొదట్నుంచీ ఉన్న మనుషుల్ని, మధ్యలో తాడు కట్టి, తెర ముందు బెంచీల మీద విడిగా కూర్చోబెట్టేవారు. ఒకసారి మేము వెళ్తే, తాడుకి ఏ పక్కకి పంపాలో తెలీక గేటు దగ్గర మనిషి మమ్మల్ని అలాగే నిలబెట్టేశాడు. నాన్న నా చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చేశారు.

రెండోది ఏటికి అవతల. ఒకప్పుడు గొర్రెల ఉన్ని కత్తిరించే రేకుల షెడ్డు. తాడు లేని హాలు తమకీ ఒకటుండాలని నల్లవాళ్ళలోనే ఒక పెద్దాయన దాన్ని సినిమా హాలు చేశాడు.

అది మా అమ్మ పోయిన ఏడాది. మన వైపైతే ఫొటోకి దండ వేసి గోడకి తగిలించేవాళ్ళు. నాన్న మాత్రం అమ్మ ఫొటోలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశారు. పేరు కూడా ఎత్తేవారు కాదు. అమ్మని మర్చిపోయారని నాకు లోపల్లోపల మంట. ఆయనతో మాట్లాడ్డం మానేశాను.

ఒక శనివారం మధ్యాహ్నం పక్కింటి ఆంటీ నన్ను ఆ షెడ్డుకి తీసుకెళ్ళింది. ఆవిడా ఆ నల్లవాళ్ళ మనిషే. అసలు సినిమాకి ముందు, పెద్దాయన తన కెమెరాతో తీసిన ఊరివాళ్ళ బొమ్మలు వేసేవాడు. తెర మీద తమని తామే చూసుకుని జనం ఈలలు, కేకలు. ఆ రోజు ఏట్లో ఈత కొడుతున్న కుర్రాళ్ళు కనిపించారు. ఒకబ్బాయి నీళ్ళలోంచి తలెత్తి మావైపు చూసి నవ్వబోయాడు. అంతే, పెద్దాయన టోపీ తీసి మెషిన్ వెలుగుకి అడ్డం పెట్టేశాడు.

హాలంతా చీకటి. మెషిన్ మాత్రం టకటకా తిరుగుతూనే ఉంది. అందరూ తలలు వంచుకున్నారు. ఆ అబ్బాయి ఆ చీకట్లో మా మధ్యే ఎక్కడో ఉన్నాడనిపించింది నాకు.

"మెషిన్ పాడైందా ఆంటీ?" అన్నాను మెల్లిగా.

"లేదమ్మా. వాడు మా అక్క కొడుకు. మొన్న చలికాలంలో పోయాడు. కొన్నాళ్ళు వాడి ముఖం చూడం, పేరు పలకం. అది మా పద్ధతి."

"మర్చిపోవడానికా?"

ఆవిడ నన్ను ఒళ్ళోకి లాక్కుంది. "మర్చిపోగలిగితే ఇలా తల దించుకోవడం దేనికి?" అంది. ఆవిడ కన్నీళ్ళు నా మెడ మీద పడ్డాయి.

ఇంటికొచ్చేసరికి నాన్న వంటగదిలో ఒక్కరే కూర్చుని ఉన్నారు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఏమీ అడగలేదు. చాలాసేపటికి ఆయన నా జడ విప్పి, అమ్మ అల్లినట్టే అల్లడం మొదలుపెట్టారు. ఆయనకి చేతకాలేదు. పాయలు జారిపోతుంటే మళ్ళీ మొదట్నుంచీ అల్లారు.

కొన్నేళ్ళకి వంతెన వెడల్పు చేస్తూ ఆ షెడ్డు కూల్చేశారు. పెద్దాయన తీసిన రీళ్ళు ఏమయ్యాయో ఎవరికీ తెలీదు. ఈమధ్య, ఇప్పుడు మేముంటున్న వెర్రిబీ నుంచి మా మనవరాలి కారులో ఆ దారిన వెళ్ళాను. ఇప్పుడక్కడ అంతా తారు, మీదుగా పోయే లారీలు. నేను అదేపనిగా చూస్తుంటే, "వాట్ వాజ్ హియర్, అమ్మమ్మా?" అనడిగింది. ఆ తెర మీది కుర్రాళ్ళంతా ఇంకా ఆ తారు కింద ఈదుతున్నట్టే అనిపించింది. "సినిమా హాలు," అన్నాను.

ఎవరైనా తమవాళ్ళు పోయాక వాళ్ళ ఊసెత్తకపోతే, మర్చిపోయారని నేను ఎన్నడూ అనను. వెళ్ళి, చప్పుడు చెయ్యకుండా పక్కన కూర్చుంటాను.