మస్కట్ వెళ్లాల్సిన మోషే

నిక్షేపంగా బతికున్న ప్రాణిని చచ్చిపోయిందని సముద్రం అవతలికి ఫోన్ చేసి చెప్పిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే దిగులుపడకండి, ఆ ఘనురాలిని నేనే. మీరు హాయిగా నవ్వుకోండి. నాకు మాత్రం ఆ శనివారం గుర్తొస్తే ఇప్పటికీ అరచేతులు చెమరుస్తాయి.

మా మేనత్త శాంతమ్మ చిలకలగూడలో ఉండేది. బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. ఒకరోజు గుండెపోటుతో ఉన్నట్టుండి వెళ్లిపోయింది. వెనక రెండు గదుల ఇల్లూ, పెరట్లో ఒక మందార చెట్టూ, మోషే అనే పిల్లీ మిగిలాయి. బైబిల్లో మోషేలా వానల్లో కాలువ పక్కన బుట్టలో దొరికాడని అత్తయ్య వాడికి ఆ పేరు పెట్టింది. పేరు పెట్టించుకున్నాడే గానీ ఒక్కనాడూ గడప లోపల కాలు పెట్టలేదు. పొద్దున గోడ మీద, మధ్యాహ్నం మందారం కింద, సాయంత్రం ఎక్కడో ఆ ప్రభువుకే తెలియాలి.

అత్తయ్య కూతురు గ్రేసు వదిన మస్కట్‌లో నర్సు. సమాధి కార్యక్రమాలు ముగించుకుని వెళ్లిన నెలకి, పైదేశాల కాల్స్ రావడమే గానీ వెళ్లని అత్తయ్య ఇంటి ఫోన్‌కి చేసింది.

"సునీతా, మోషేని నా దగ్గరికి తెప్పించుకుందామా అని ఉందే. అమ్మ చేతి తిండి తిన్న ప్రాణి. కానీ బయట తిరిగినవాడు కదా, మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉండగలడంటావా? నాలుగు రోజులు గమనించి చెప్పు. నువ్వెలా అంటే అలా."

చూశారా, ఎంత పెద్ద నమ్మకమో! అసలు సంగతి ఏమిటంటే, నాకు పిల్లులంటే ప్రాణభయం. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. రోజూ కార్ఖానా అనే పేటలో ఆఫీసు వదలగానే బస్సెక్కి చిలకలగూడ వచ్చి, అన్నం గిన్నెను గొడుగు కొనతో మోషే ముందుకు తోసి, వెనక్కి తిరగకుండా పరుగెత్తేదాన్ని. వాడు విమానమెక్కితే నాకు విముక్తి. అందుకని నాలుగు రోజులు కాదు, నాలుగు క్షణాలు కూడా ఆలోచించలేదు.

"భేషుగ్గా ఉంటాడు వదినా! ఈమధ్య ఎంత బుద్ధిమంతుడయ్యాడో! గదిలోకొచ్చి నా పక్కనే కూర్చుంటున్నాడు."

ఈ మాట గోడ అవతల రజియా ఆపా చెవిన పడింది. ఆమె అత్తయ్యకు పాతికేళ్లుగా పక్కింటి మనిషి.

"గిదేంది సునీతా, గోడల మీద తిరిగేటోణ్ణి విమానం ఎక్కిస్తవా? ఈడనే ఉండనీ, నేను చూస్కుంట."

"వదిన అడిగింది ఆపా."

"ఆమె నీ సలా అడిగింది. నువ్వేమో నీ డర్ చెప్పినవ్."

నా భయం సంగతి ఎత్తేసరికి నాకు రోషం వచ్చింది. నిజం వింటే అంతే కదా మరి.

కార్ఖానాలో ఒక పశువుల డాక్టరుగారు ఉండేవారు. టీకా వేసి సర్టిఫికెట్ రాయాలంటే పిల్లి తన ముందుకు రావాలన్నారు.

"చేతికి చిక్కడండీ," అన్నాను. చెయ్యి ఎప్పుడూ చాచలేదని మాత్రం చెప్పలేదు.

ఆయన మాత్రలు ఇచ్చారు. "తిండిలో పావు ముక్క కలుపు. మత్తుగా ఉంటాడు, బుట్టలో పెట్టుకుని రా. పావు ముక్కేనమ్మా, గుర్తుందిగా?"

శనివారం ఆఫీసు ఒంటిపూట. మోండా మార్కెట్‌లో చేప కొని, ఉడికించి, మాత్ర విరిచాను. పావు ముక్క కందిపప్పు బద్దంత కూడా లేదు. అక్కడ గోడ మీద మోషే చూస్తే తలగడంత ఉన్నాడు. పావు ముక్కకి పావు పిల్లే మత్తెక్కుతుంది, మరి మిగతా ముప్పావు పిల్లికీ గోళ్లుంటాయి కదా అని నా భయం లెక్క కట్టింది. సగం వేశాను. వాడి గోళ్లవైపు ఒకసారి చూశాను. మొత్తం వేసేశాను.

మోషే దిగొచ్చి గిన్నె నాకి నాకి తిన్నాడు. కాసేపటికి, కదిలే రైల్లో నడిచేవాడిలా నాలుగడుగులు తూలి, బట్టలుతికే బండ పక్కన ఒరిగిపోయాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. రెప్ప పడలేదు. "మోషే!" అన్నాను. గొడుగుతో పొడిచాను. ఒక చీమ చెవి మీదుగా నడిచి వెళ్లింది, చెవి కదల్లేదు.

అత్తయ్య పోయి రెండు నెలలు కాలేదు, ఆమె పిల్లిని చంపేశాను! పిల్లిని చంపితే జైల్లో వేస్తారా? పరలోక ద్వారం దగ్గర అత్తయ్య బెత్తం పట్టుకుని నిలబడుతుందా? ఇలాంటప్పుడు బుద్ధున్నవాళ్లు డాక్టరు దగ్గరికి పరుగెత్తుతారు. నేను ఫోన్ బూతుకి పరుగెత్తాను.

"వదినా, మోషే పోయాడు."

"ఎక్కడికి? వాడే వస్తాడులే."

"అలా కాదు వదినా. ప్రభువు దగ్గరికి పోయాడు."

అవతల ఏడుపు. "అమ్మ మీద బెంగ పెట్టుకున్నాడేమోనే. నేనేమో వాణ్ణి ఇక్కడికి లాక్కోవాలని చూశాను. ఎలా పోయాడు?"

"ఊరికే... పడుకుని..."

మాత్ర సంగతి చెప్పలేదు. అంత పిరికిదాన్ని.

"మందారం కింద పెట్టి, ప్రార్థన చెయ్యి," అంది వదిన.

తిరిగొచ్చి గొయ్యి తవ్వుతున్నాను, ఏడుస్తున్నాను. రజియా ఆపా కూరల సంచీతో వచ్చింది. సంగతి విని సంచీ అక్కడే పడేసి, మోషే డొక్క మీద చెయ్యి పెట్టింది.

"యా అల్లా! సునీతా, ఊపిరి తీస్తున్నడే వీడు!"

నేను కెవ్వున అరిచి, వెనక్కి అడుగేసి, గోతిలో కూలబడ్డాను.

"ముందుగాల వీణ్ణి పట్టుకో. నువ్వు తర్వాత పడుదువు గాని!"

అత్తయ్య పాత చీరలో చుట్టి ఆటో ఎక్కాం. వాడు నా ఒళ్లో ఉన్నాడు. జీవితంలో మొదటిసారి పిల్లిని ముట్టుకున్నాను. ఊపిరి దారంలా సన్నగా ఆడుతోంది. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య నా ఊపిరి ఆగిపోతోంది. "జెర జల్దీ పోనీ భాయ్," అని రజియా ఆపా ఆటోవాణ్ణి బతిమాలుతూనే ఉంది.

"పావేనా ఇచ్చింది?" అన్నారు డాక్టరుగారు.

"ఒక... ఒకటండీ."

ఆయన కళ్లజోడు తీసి నన్ను పైనుంచి కిందికి చూశారు. "ముందు నీకు వెయ్యాల్సిందమ్మా ఆ పావు ముక్క." మోషేకి సెలైన్ ఎక్కించి, కంబళి కప్పి, "చూద్దాం. గట్టిగా చెప్పలేను," అన్నారు.

బల్ల పక్కన ఇద్దరం కూర్చున్నాం. ఆపా దువా చేస్తోంది, నేను ప్రార్థన చేస్తున్నాను. ఎవరిది ముందు చేరిందో తెలియదు గానీ, దీపాలు పెట్టేవేళకు మోషే తలెత్తి, నన్ను గుర్తుపట్టి, మణికట్టు మీద బరుక్కున గీరాడు. మనిషినై పుట్టాక అంత సంతోషంగా ఎప్పుడూ రక్తం కార్చలేదు.

కానీ కాస్త తెలివి రాగానే వాడు మూసిన తలుపు దగ్గరికి పాకాడు. తలుపు తెరుచుకోకపోయేసరికి బల్ల కిందికి దూరి, గోడకు అతుక్కుని గజగజ వణికాడు. ఆ వణుకు నాకు బాగా తెలుసు. నెల రోజులుగా వాణ్ణి చూసి నేను వణికింది అచ్చం అలాగే.

"సర్టిఫికెట్ సంగతేమిటి?" అన్నారు డాక్టరుగారు.

"వద్దండీ. వీడు ఎక్కడికీ వెళ్లడు."

ఆ గీరుకి జబ్బకు టీకా వేయించుకుని నేనూ, కాలికి వేయించుకుని వాడూ ఇంటికి బయలుదేరాం. ఇంకా అసలు పరీక్ష ఫోన్ బూతులో ఉంది.

"వదినా, కూర్చున్నావా?"

"అయ్యో దేవుడా, ఇంకెవరు పోయారే?"

"ఎవరూ పోలేదు. మోషే కూడా పోలేదు."

"మా క్వార్టర్స్‌లో అందరూ వచ్చి నన్ను ఓదార్చి, ప్రార్థన చేసి ఇప్పుడే వెళ్లారు. వాళ్లకేం చెప్పమంటావే?"

"ప్రార్థన ఫలించిందని చెప్పు."

తర్వాత ఉన్నదంతా కక్కేశాను. మాత్ర, నా భయం, గదిలోకొచ్చి కూర్చుంటాడన్న అబద్ధం, అన్నీ. "వాడు గదిలో బతకలేడు వదినా. రజియా ఆపా చూసుకుంటానంటోంది."

వదిన ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "అక్కడే ఉండనీ. అమ్మ గోడ మీదే ఉండనీ. కానీ సునీతా, ఒక్క మాట."

"చెప్పు వదినా."

"రేపు నాకేదైనా అయితే నువ్వు మాత్రం ఎవరికీ ఫోన్ చెయ్యకు. ముందు రజియా ఆపాని పిలిచి నా డొక్క మీద చెయ్యి పెట్టించు."

అందుకే, పాఠకులారా, సర్వలోకం సాక్షిగా ఒట్టేసి చెబుతున్నాను. ఇక ఈ జన్మలో ఎవర్నీ, దేన్నీ 'పోయింది' అనను. ఇంట్లో కరెంటు పోయినా సరే, "కాస్త పడుకుంది, లేస్తుంది" అనే అంటాను.