కొండ పక్క దావ

దయ్యాలంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. కోవిల్‌పట్టిలో పదో తరగతికి సైన్సు చెబుతాను. పిల్లలు అలాంటి కథలు మొదలుపెడితే నవ్వేసి పాఠంలోకి లాక్కొచ్చేదాన్ని. తెలుగు మా ఇంటి మాటే గానీ రాయడం పెద్దయ్యాకే నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

పక్షవాతం వచ్చి అమ్మకు మాట పడిపోయింది. అప్పటికి ఎనిమిది నెలలు. నాకు ఉద్యోగం వస్తే కళుగుమలై కొండ చుట్టూ నడుస్తానని మొక్కుకుంది, అది తీరకుండానే మంచాన పడింది. ఆమె బదులు నేను బయల్దేరాను. భక్తితో కాదు. ఆమె నోట ఒక్క మాట వినాలని ప్రాణం కొట్టుకుపోయేది, ఇంకేం చేయాలో తోచలేదు.

మావాళ్లు కొండ చుట్టేటప్పుడు దారికి ఎడమ పక్కనే నడుస్తారు. కొండను ఆనుకున్న పక్క ఖాళీగా వదలాలి, కంటికి కనపడనివాళ్లు అటు నడుస్తారట. వదిన మరీ మరీ చెప్పి పంపింది.

పొద్దున్నే పైకెక్కి జైన శిల్పాలు చూశాను. బండ మీద వరుసగా తీర్థంకరులు, కింద నల్లరేగడి చేలు, దూరంగా గాలిమరలు. వెయ్యేళ్లుగా కదలకుండా కూర్చున్నవాళ్ల ముందు నా తొందర చూస్తే నాకే నవ్వొచ్చింది.

దిగి నడక మొదలుపెట్టాను. పడమటి వైపు వచ్చేసరికి ఎడమ పక్క ఎండ, కొండ పక్క చల్లటి నీడ. సైన్సు టీచర్ని కదా, నీడలోకి మారాను. అక్కడే ఆగి ఫోనులో కొండను ఫోటో తీస్తుంటే వెనక నుంచి ఒక ఆడమనిషి అంది.

“రవంత దావ ఇడు తల్లీ. నేనూ నడవల.”

సరేమ్మా అని, ఫోను మీంచి తలెత్తకుండానే ఎడమకు జరిగాను. నాలుగడుగులు వేశాక తట్టింది. మేం గడప దాటితే తమిళమే మాట్లాడతాం. దారిన పోయే కొత్తమనిషిని తెలుగులో ఎవరూ పలకరించరు. తిరిగి చూస్తే దారి ఖాళీ. అటు బండ, ఇటు దున్నిన చేను. భయమేమీ వేయలేదు. మిగతా దారంతా ఎడమ పక్కనే నడిచాను.

ఇంటికొచ్చేసరికి వదిన వాకిట్లో నిలబడి ఉంది. అంబలి తాపుతుంటే అమ్మ తేటగా మాట్లాడిందట. డాక్టరుకు చెప్పాలని వెంటనే గడియారం చూసిందట, ఎనిమిదీ పది. ఏమందని అడిగాను.

“దావ ఇడు తల్లీ, నేనూ నడవల అన్నింది. అడ్డంగా కూర్చున్నానేమోనని నేను లేచి జరిగినా.”

ఫోను తీసి చూశాను. కొండ ఫోటో ఎనిమిదీ పదికి తీసింది.

అలా ఒక్కోసారి ఒక మాట వచ్చి పోతుందని డాక్టరు అన్నారు. అయ్యుండొచ్చు. ఇరవై కిలోమీటర్ల అవతల నాకెలా వినపడిందో మాత్రం ఈనాటికీ తెలియదు. అమ్మ మళ్లీ మాట్లాడలేదు.

నన్ను తినేసేది అది కాదు. ఆ గొంతు కోసమే వెళ్లాను. అది నా వెనకే పలికితే గుర్తుపట్టలేదు, తలైనా తిప్పలేదు.