పదకొండు మీరులు

ఆఫీసులో ఆమెను అచ్చక్క అంటారు. అచ్చాఫీసు నుంచి వచ్చింది కనుక. అచ్చుతప్పు కనబడితే కంట్లో నలుసు పడ్డట్టు అక్కడే ఆగిపోతుంది కనుక కూడా.

ముప్పై ఏళ్లు ప్రార్థన పుస్తకాల ప్రూఫులు దిద్దింది. మూడు మతాల వాళ్లు ఆ అచ్చాఫీసుకే వచ్చేవారు. ఒకే యంత్రం, ఒకే సిరా. సోమవారం ఒక దేవుడు, బుధవారం ఇంకో దేవుడు. ఎవరి దేవుడికీ ఆమె ఒత్తు పోనివ్వలేదు, దీర్ఘం తగ్గనివ్వలేదు. అచ్చాఫీసు మూతపడ్డాక, యాభై ఆరో ఏట, కంప్యూటర్ ఆటలు తయారుచేసే కంపెనీలో చేరింది. ఆటలో మనుషులు మాట్లాడే మాటలు ఎవరో ఎక్కడో తెలుగు చేసి పంపుతారు. చదివి దిద్దడం ఆమె పని.

మూడు నెలల పరీక్ష. చివరి ఫైలులో పదికి మించి తప్పులు మిగిలితే ఇంటికి పంపేస్తారు. ఈ సంగతి ఆమె భర్తకు చెప్పలేదు. ఉద్యోగం పర్మనెంటు అని చెప్పింది.

ఆటలో ఒక రాజ్యం, ఆ రాజ్యానికి ఒక దేవుడు. దేవుడికి ముఖం లేదు. చేతిలో వత్తి లేని దీపం ఉంది. వీపున రెక్కలు, నెత్తిన నూనె, కాళ్ల కింద ఏడు మెట్ల కొండ. అచ్చక్క వేటినీ కొత్తగా చూడలేదు. రెక్కలు ఎవరివో, నూనె ఎవరిదో, మెట్లు ఎవరివో ఆమెకు తెలుసు. మూడిళ్ల సామాను ఒకే బండిలోకి ఎక్కించినట్టుంది. ఇల్లు మారుతున్నారా, దొంగతనమా అన్నదే తెలియలేదు.

ఆడేవాళ్లు గుడి ముందు మోకరిల్లితే వాళ్ల ప్రాణం గీత ఎర్రగా నిండుతుంది. ప్రతిసారీ నిండుతుంది.

"అడిగినప్పుడల్లా ఇస్తే వాడు దేవుడెట్లా అవుతాడమ్మా? కుళాయి అవుతాడు," అంది ఒకరోజు.

ఆమెకు పని అప్పగించే అమ్మాయి పక్క కుర్చీలోంచి నవ్వింది. అందరూ ఆ అమ్మాయిని లీడ్ అంటారు. "నీకు దేవుడి మీద కూడా అనుమానమేనా అచ్చక్కా?"

"దేవుడి మీద కాదు. కుళాయి మీద."

కథ బయటికి పొక్కకూడదని మాటల్ని వరుసగా పంపరు. పేకముక్కల్లా కలిపి, గడుల్లో నింపి పంపుతారు. ఎవరు ఎవరితో అంటున్నారో ఉండదు. ప్రతి గడి పక్కన ఒక అంకె, ప్రార్థన అయితే ఒక గుర్తు ఉంటాయి, అంతే. మూలభాషలో నువ్వుకీ మీరుకీ ఒకటే మాట. తెలుగులో అలా కుదరదు. నోరు తెరిచే ముందే ఎదుట ఉన్నది ఎవరో తేల్చుకోవాలి.

అందుకే చేరిన మొదటి రోజునే అచ్చక్క ఒక నియమం రాసి ఇచ్చింది. దేవుణ్ణి ఎప్పుడూ నీవు అనాలి.

"పోస్టాఫీసులో గుమాస్తాని మీరు అంటాం. దేవుడు అంతకంటే తక్కువా?" అని అడిగింది లీడ్.

"గుమాస్తా మనవాడు కాడు కదమ్మా."

లీడ్ నియమాన్ని సిస్టమ్‌లోకి ఎక్కించింది. అప్పటినుంచి ప్రార్థనలో మీరు కనిపిస్తే ఆ గడి దానంతటదే ఎర్రబడుతుంది, తప్పుల్లో ఒకటి పెరుగుతుంది.

మూడో నెలలో పదకొండు గడులు ఎర్రబడ్డాయి.

వందల ప్రార్థనలు. అడిగేదాన్ని బట్టి రైతో, సైనికుడో, పిల్లలు లేని ఇల్లాలో తెలుస్తుంది. అందరూ నీవు అంటున్నారు. ఈ పదకొండు మాత్రం మీరు. అనువాదకుడి అజాగ్రత్త అనుకుంది. ఆ మనిషిని ఆమె ఎప్పుడూ చూడలేదు. షీటులో అతని పేరు ఉండదు, 'నాలుగు' అని ఉంటుంది. మగో ఆడో తెలియదు. అసలు మనిషేనా అని కూడా ఒకసారి అనుమానం వచ్చింది. యంత్రాలు కూడా తెలుగు చేస్తున్నాయని విన్నది.

పదకొండూ దిద్దింది. మర్నాటికి అన్నీ మళ్లీ మీరు అయ్యాయి. మళ్లీ దిద్దింది. మళ్లీ మారాయి.

మూడోసారి గడి పక్కన ఒక మాట ఉంది: "అలాగే ఉండనివ్వండి."

అయితే మనిషే. మొండి మనిషి. ఆమె కింద రాసింది: "దేవుణ్ణి మీరు అంటారా?"

మధ్యాహ్నానికి జవాబు వచ్చింది: "ఎవరంటారు?"

ఆ మాట ఆమెకు నచ్చలేదు. ప్రశ్నకు ప్రశ్న వేసేవాళ్లను అచ్చాఫీసులో కూడా ఆమె నమ్మేది కాదు. లీడ్‌ని అడిగింది, ఈ పదకొండూ ఎవరి మాటలని.

"నాకూ తెలీదక్కా. తెలిసినా చెప్పకూడదు. అందరం సంతకాలు పెట్టాం కదా." అంటూనే లీడ్ తన కంప్యూటర్ తెరను కొంచెం అటు తిప్పుకుంది. అచ్చక్క చూసింది. తిప్పుకోవలసినంత ఏముందో అనుకుంది.

వాళ్ల ఇల్లు నాలుగో అంతస్తులో. రెండు గదులు, పొడుగు వంటిల్లు. గోడ అవతలే లిఫ్టు. భర్త లిఫ్టులు బాగుచేసేవాడు. మోకాలు పట్టేశాక కంపెనీ అతన్ని తీసేసింది. ఇప్పటికీ గోడ అవతలి చప్పుడు విని రోగం చెబుతాడు. వినేవాళ్లు లేకపోయినా చెబుతాడు.

ఆ సాయంత్రం అతను ఉల్లిపాయలు తరుగుతున్నాడు. లిఫ్టు మూలిగింది.

"తాడు బాగానే ఉంది. చక్రం అరిగింది," అన్నాడు.

"ఏమండీ, దేవుణ్ణి మీరు అని పిలిచేవాడు ఎవడై ఉంటాడు?"

"ఇదేం ప్రశ్నే బాబూ. పొడుపుకథా?"

"పని. చెప్పండి."

అతను కత్తి ఆపాడు. "కొత్తవాడై ఉండాలి. లేకపోతే నాలాంటివాడు."

"మీలాంటివాడంటే?"

"నన్ను తీసేసిన రోజు ఇంటికొచ్చి నిన్నేమన్నాను?"

ఆమెకు గుర్తుంది. ఆరేళ్ల కిందటి మాట. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, 'మీరు టీ తాగారా?' అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడనుకుంది. మర్నాడూ మీరే. ఆ మర్నాడూ అంతే. నాలుగు వారాలు రోజూ పొద్దున్నే పనిముట్ల పెట్టె పట్టుకుని వెళ్లాడు. లైబ్రరీలో కూర్చుని సాయంత్రం తిరిగొచ్చాడు. ఐదో వారం లైబ్రరీ గుమాస్తా వల్ల ఆమెకు తెలిసింది.

"నువ్వు అంటే ఆ ఊపులో నిజం కూడా బయటికి వచ్చేస్తుందేమోనని భయం," అన్నాడు. "మీరు అంటే మధ్యలో తలుపు ఉన్నట్టుంటుంది."

మళ్లీ తరగడం మొదలుపెట్టాడు. ఉల్లిపాయల వల్ల ఇద్దరి కళ్లూ మండాయి.

మర్నాడు శుక్రవారం. సాయంత్రం ఐదింటికి ఫైలు మూసేస్తారు. అచ్చక్క పదకొండు గడుల్నీ విడిగా తీసి, అంకెల ప్రకారం ఒకదాని కింద ఒకటి పెట్టింది.

మీ దీపం నేను చూసుకుంటాను.
మీరు విశ్రమించండి.
మెట్లెక్కి ఎవరూ రాకుండా చెప్పాను. మీకు అలసట కలుగుతుందని.
నూనె తగ్గింది గాలి వల్ల. మీరు అనుమానించకండి.

చివరిది ఇది: మీరు నిద్రపోయారని అందరికీ చెప్పాను.

అన్నీ ఒక గొంతే. ఆ దీపాన్ని కాచేవాడి గొంతు. రాజ్యంలో అందరికంటే దేవుడికి దగ్గర ఉన్నవాడు. ఆమె మీరుని తీసి నీవు పెట్టి మళ్లీ చదివింది. నీవు విశ్రమించు. నీ దీపం నేను చూసుకుంటాను. జోలపాటలా ఉంది. మీరు తిరిగి పెట్టింది. తలుపు వేసినట్టుంది.

'నాలుగు' అజాగ్రత్తపరుడు కాడు. కథ చదివినవాడు, చెప్పడానికి వీల్లేనివాడు. ఆటలో ఎక్కడా ఆ కాపలావాడు దొంగ అని రాసి ఉండదు. ఒక్క ఈ మాటలోనే ఉంటుంది. తెలుగులో ఆడేవాళ్లకే వినబడుతుంది.

నాలుగున్నరకు లీడ్ కుర్చీ జరుపుకుని వచ్చింది. "అక్కా, ఇంకా పదకొండు ఎర్రగా ఉన్నాయి."

"అవి తప్పులు కావమ్మా."

"రూల్ నువ్వే పెట్టావు."

"పెట్టాను. తప్పు రూల్ పెట్టాను. తీసేయ్."

"తీయాలంటే పైవాళ్లు ఒప్పుకోవాలి. రెండు వారాలు పడుతుంది. నీ గడువు ఇవాళే." లీడ్ గొంతు తగ్గించింది. "పది వరకు పర్లేదు కదా. ఒక్కటి మార్చు. ఒక్కటంటే ఒక్కటి. ఎవరు చూస్తారక్కా?"

అది నిజమే. ఒక్క గడి చాలు. మిగతా పదీ ఉంటాయి, ఉద్యోగమూ ఉంటుంది.

ఏ ఒక్కటి? మొదటిదే నయం అనిపించింది. మీ దీపం నేను చూసుకుంటాను. ఇందులో పైకి దోషం లేదు. మీ తీసి నీ పెట్టింది. ఎరుపు పోయింది. పది.

చదివింది. అయితే మొదటి రోజు వాడు నమ్మాడన్నమాట. నిజంగా దీపం కాద్దామనే వచ్చాడు, తర్వాత చెడ్డాడు. అలాంటివాడి మీద జాలి కలుగుతుంది. కాని ఆ తర్వాతి పదీ జాలిపడవలసిన మనిషి మాటల్లా లేవు. వాడు మొదటి మెట్టు మీదే తలుపు వేసుకుని వచ్చాడు. రెండోదాన్ని మార్చి చూసింది. నాలుగోదాన్ని. చివరిదాన్ని. ప్రతిసారీ వాడికి ఒకరోజు భక్తిని తనే దానం చేసినట్టయింది.

ఐదుకు నాలుగు నిమిషాలుండగా పదకొండూ మీరు చేసి, ఫైలు మూసింది.

లీడ్ తన తెర చూసుకుంది. తర్వాత కుర్చీలోంచి లేచి నిలబడింది.

"సరేనండి," అంది. "మీరు వెళ్లి రండి. మెయిల్ పంపిస్తాం."

అచ్చక్క కళ్లజోడు తీసి పెట్టెలో పెట్టుకుంది. మెయిల్ కోసం ఎదురుచూడక్కర్లేదు.

ఇంటి దగ్గర లిఫ్టు పనిచేయడం లేదు. నాలుగు అంతస్తులూ ఎక్కి వచ్చింది. భర్త తలుపు తీసి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"చెప్పానా, చక్రం అని. మధ్యాహ్నం ఆగిపోయింది. నా మాట ఎవడు వింటాడు?" అన్నాడు. తర్వాత ఆమె ముఖం చూశాడు. "దొరికాడా నీ మీరుగాడు?"

"దొరికాడు. దేవుడి దీపంలో నూనె కాజేసినవాడు. మీరన్నట్టే, దాచుకున్నవాడు."

"చూశావా మరి." అతను సంతోషంగా పక్కకు జరిగి దారి ఇచ్చాడు. ఏదో తట్టినట్టు నవ్వాడు. "అయితే ఒకటడుగుతాను. పెళ్లయిన దగ్గర్నుంచీ నువ్వు నన్ను మీరే అంటున్నావు. నా దగ్గర ఏం దాచావేమిటి?"

హాస్యానికే అన్నాడు. ఆమె నవ్వలేదు. చేతిసంచి బల్ల మీద పెట్టింది. అందులోంచి కళ్లజోడు పెట్టె తీసింది, మళ్లీ లోపల పెట్టింది. అతని నవ్వు మెల్లగా ఆగింది. ఆమె చేతుల వంకే చూస్తున్నాడు. లైబ్రరీ సంగతి తెలిసిన రోజు తను అతన్ని ఎలా చూసిందో, అలాగే.

ఆమె రెండు కుర్చీలూ లాగింది.

"నువ్వలా కూర్చో," అంది. "చెప్తాను."