చెన్నకేశవులు నవ్విన సీను

తిమ్మరాజు ఏ సినిమానూ కుదురుగా కూర్చుని చూడలేదు, తాను తీసిందైనా సరే. 1941లో అతని మొదటి చిత్రం మాబుసాబ్ టూరింగ్ డేరాలో హిందూపురం వచ్చినప్పుడు, మద్రాసు నుంచి రైల్లో వచ్చి తెర పక్కన జనానికి ఎదురుగా నిలబడ్డాడు.

"ఏమప్పా, బొమ్మ ఆడ ఆడతాంటే ఈపక్క చూస్తాండావు?" అన్నాడు మాబుసాబ్.

"బొమ్మ నేను తీసిందే గదా సాబూ. వీళ్ళు యాడ లేస్తారో చూడాల."

జనం బీడీలకు లేచిన చోట్లన్నీ గుర్తు పెట్టుకుని, డేరా పెనుకొండకు మారేలోగా అక్కడక్కడ రీళ్ళు కత్తిరించి అతికించాడు. సినిమా ఎక్కడా ఆగకూడదని, ఆగితే మనిషి లేచిపోతాడని అతని నమ్మకం. ధర్మవరంలో మగ్గాల ఇంట పుట్టి, పదిహేడేళ్ళకు నాటకాల కంపెనీ వెంట పోయి, ఆపైన స్టూడియోలో పన్నెండేళ్ళు రీళ్ళు అతికిస్తూ నేర్చుకున్నదది. పెనుకొండలో ఎవరూ లేవలేదు.

ధర్మవరంలోనూ లేవలేదు. నవ్వారు. బిడ్డను పోగొట్టుకున్న నేతగాడు మగ్గం మీద పాడుతూ ఏడుస్తుంటే ముందు ఒక గొంతు నవ్వింది, తర్వాత డేరా అంతా నవ్వింది.

సొంత ఊళ్ళో ఆ నవ్వు తిమ్మరాజును నిలవనీయలేదు. మర్నాడు పొద్దున్నే ఆ మొదటి గొంతు ఎవరిదో వాకబు చేసుకుంటూ చెన్నకేశవులు ఇంటికి పోయాడు. ఆయన నేస్తూ ఉన్నాడు.

"ఎందుకు నవ్వితివి అన్నా?"

"మీవోడు కాళ్ళు మడుచుకోని నేస్తాండాడు. గుంతలో కాళ్ళు లేకుంటే మగ్గం యాడ కదుల్తాది? నీకు తెల్దా?"

తెలుసు. మగ్గం గుంతకు స్టూడియో నేల తవ్వనీయమన్నారు. "ఎవరు చూస్తార్లే" అన్నది తనే.

"పైగా పని ఇడిచిపెట్టి ఏడుస్తాండాడు," అన్నాడు చెన్నకేశవులు, తల ఎత్తకుండానే. "నా బిడ్డ పోయిన నాలుగో దినం నేను ఈడనే కూచ్చుంటి. ఎవరిదో పెండ్లి చీర, ముహూర్తం ఆగదు గదా. కండ్ల పని కండ్లది, చేతుల పని చేతులది."

తిమ్మరాజు ఆ రోజే రైలెక్కాడు. యుద్ధంతో ముడి ఫిల్మ్ దొరకడం కష్టమైన కాలం. కెమెరామన్ గంగాధర్ దగ్గర రెండు వందల అడుగుల ముక్క మిగిలి ఉంటే, అతన్నీ కెమెరానూ వెంటబెట్టుకుని వారంలో తిరిగి వచ్చాడు. మగ్గం గది చీకటి. ఇరుగుపొరుగు ఇళ్ళ అద్దాలు తెచ్చి వాకిట్లో నిలబెట్టి ఎండను లోపలికి తిప్పారు.

"ఏం చెయ్యాలప్పా?"

"నేసేదే నెయ్యి అన్నా."

ఫిల్మ్ ఉన్నది రెండు నిమిషాలకు. సగం తిరిగేసరికి పోగు తెగింది. చెన్నకేశవులు ఆపేశాడు. 'ఆపొద్దు' అన్న మాట తిమ్మరాజు గొంతు దాకా వచ్చింది. గంగాధర్ అతని వంక చూశాడు. కెమెరా తిప్పుతూనే ఉండమని తిమ్మరాజు చేత్తో సైగ చేశాడు. చెన్నకేశవులు వంగి తెగిన కొనలు వెతికి, దగ్గరికి తెచ్చి ముడి వేశాడు. ముడి పడ్డాక కూడా బొటనవేలు దాని మీదనే ఉంచి కాసేపు కదల్లేదు. ఫిల్మ్ అయిపోయింది.

మద్రాసులో ఫిల్మ్ కడిగించి తెచ్చి, మాబుసాబ్ ప్రింటులో ఏడుపు పాట తీసేసి, ఆ చోట చప్పుడు లేని ఈ ముక్క అతికించాడు. డేరా కదిరి తిరిగి మళ్ళీ ధర్మవరం వచ్చింది. ఆ సీను రాగానే సౌండు చెడిందేమోనని మాబుసాబ్ మిషను దగ్గరికి పరుగెత్తాడు. జనం మాత్రం మెదలలేదు. "ఆయప్ప చేతులే," అంది చెన్నకేశవులు భార్య అంజనమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. చెన్నకేశవులు ఆటకు రాలేదు.

మిగతా ప్రింట్లు మార్చడానికి నిర్మాత ఒప్పుకోలేదు. తక్కిన ఊళ్ళన్నిటా ఆ నటుడు కాళ్ళు మడుచుకునే ఏడ్చాడు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా తిమ్మరాజు భోజనం మధ్యలో లేచిపోయేవాడు.

రెండో అవకాశం అయిదేళ్ళకు గాని రాలేదు. అది రైతు కథ. హీరోను కదిరి దగ్గర తలుపుల అనే ఊళ్ళో నెల రోజులు పెట్టి మడకతో పొలం దున్నించాడు. నిర్మాత తిట్టాడు, హీరో చేతులు బొబ్బలెక్కి ఏడ్చాడు. సినిమా బాగానే ఆడింది. పత్రికలవాళ్ళు మెచ్చుకుంటుంటే తిమ్మరాజుకు మాత్రం అందులో బావి నుంచి తోలుసంచితో నీళ్ళు తోడే కపిల ఎద్దులు వెనక్కి నడిచే తీరు సరిగ్గా పడలేదని తోచింది. ఆ మెప్పు అచ్చయిన మూడో రోజున సంచి సర్దుకుని, కపిల తోలేవాళ్ళను చూడడానికి ధర్మవరంలో దిగి బత్తలపల్లి బస్సెక్కాడు.