తలూపుతూ చేసిన ఇంటర్వ్యూ

ఒక్క ‘ఊఁ’ అనకపోవడం వల్ల కొంప మునుగుతుందంటే మీరు నమ్మరు. నాది మునిగింది. అదీ చోడవరంలో, కుతకుతలాడే బెల్లం పాకం పక్కన!

తొంభైలలో మాట. రేడియోలో కొత్తగా చేరాను. మొదటి ఇంటర్వ్యూ బాగుంటే ఉంచుకుంటారు, లేకపోతే ఇంటికే. బయల్దేరే ముందు మా ఆఫీసరు గారు మంత్రోపదేశం చేశారు.

“అవతలివాళ్లు చెబుతుంటే ఊఁ కొట్టకు. మైకులో అది ఎద్దు రంకెలా పడుతుంది. ఊరికే తలూపు.”

అద్దం ముందు నేను చేసిన సాధన చూస్తే గంగిరెద్దు కూడా సిగ్గుపడేది.

బెల్లం వండడంలో పేరున్న నాయుడు గారి పొయ్యి దగ్గర మైకు పెట్టాను. “మంచి బెల్లానికి కిటుకేమిటండీ?”

“ఏటుంది బాబూ! పాకం పొంగు మీదున్నప్పుడు దాని మీంచి సూపు తిప్పకూడదు.”

ఆయన తిప్పలేదు, నా వైపైనా చూడలేదు. నేను తలూపాను. ఆయన ఆగారు. ఇంకాస్త గట్టిగా ఊపాను.

“ఇంటన్నావా బాబూ?”

ఊపాను.

“ఎల్లిపోయేడేటి?”

చెప్పేవాడికి ఊఁ కొట్టకపోతే మాట ముందుకు నడవదని పాలుతాగే గుంటడికీ తెలుసు. నాకూ తెలుసు. కానీ ఉద్యోగమో! చెవిటివాడి ముందు శంఖమైనా ఊదొచ్చు గానీ, ఊఁ కొట్టనివాడి ముందు నోరు విప్పకూడదనుకున్నారేమో, ఆయన నోరు కట్టేసుకున్నారు.

అప్పుడు నాకో దివ్యమైన ఆలోచన వచ్చింది. చెరకు పిప్పి ఎండబెడుతున్న ఆయన భార్య పైడమ్మ గారి దగ్గరికి పరుగెత్తాను. “నా బదులు మీరు ఊఁ కొట్టండమ్మా.”

“అదెంత పని బాబూ!”

నాయుడు గారికి ప్రాణం లేచొచ్చింది. “మా బెల్లం ఎప్పుడూ నల్లబడనేదు.”

“ఊఁ. మరి నిరుడు పెనమంతా మాడ్చీసిందెవులు?”

“అది... గాలెక్కువైంది.”

“ఊఁ. గాలా, పేకాటా?”

“ఒసే, రేడియోలో ఏటే ఆ మాటలు!”

“ఊఁ. పరిగెట్టుకొచ్చి ఆ పెనం దించిందెవులు? నువ్వా, నేనా?”

నాయుడు గారు పాకం మీంచి చూపు తిప్పేశారు. నేను ఇద్దరికీ మార్చి మార్చి తలూపుతూనే ఉన్నాను. ఈలోగా టేపు అయిపోయింది, పాకం మాడిపోయింది.

ఆఫీసరు గారు టేపంతా విని పొట్ట పట్టుకుని నవ్వారు. నా ఉద్యోగం ఖాయమనుకున్నాను.

“అబ్బ, ఎంత బాగా అడిగిందయ్యా! వచ్చే వారం నుంచి ఇంటర్వ్యూలు ఆవిడ చేత చేయిద్దాం.”

“మరి నేను సార్?”

ఆయన తలూపారు. అడ్డంగా.

ఆనాడే చోడవరం బెల్లం మీద ఒట్టేశాను. ఈ జన్మలో నాకెవరేం చెప్పినా, ఆఖరికి మా ఆవిడ వంకాయల ధర చెప్పినా సరే, ఊఁ కొట్టకుండా ఉండను. మీ సంగతే నాకు అనుమానం. ఇంతసేపూ చదివారు కదా, ఒక్కసారైనా ఊఁ అన్నారా?